యార్డు ధరల సైటుతో బతకొచ్చా? హక్కులు, నిబంధనల మీద తరచూ అడిగే ప్రశ్నలు

ఆదోనిలో పత్తి, వేరుశనగ. కర్నూలులో ఉల్లి. పత్తికొండలో టమాటా. కడపలో పసుపు. వానను నమ్ముకుని బతికే ఈ సీమలో పంట చేతికొచ్చే రోజుల్లో ఏ ఇంట విన్నా ఒకటే మాట: నిన్న యార్డులో ఎంత పలికింది? ఆ ప్రశ్నకు రోజూ జవాబిచ్చే చిన్న సైటు పెట్టి ఊళ్లోనే ఉండి సంపాదించుకోవచ్చు కదా అని, కంప్యూటర్ చదువులు చదివిన మన పిల్లలు చాలామంది అనుకుంటున్నారు. మంచి ఆలోచన. సైటు కట్టడం పెద్ద పని కాదు. ఆ అంకెలు ఎవరివి, వాటితో ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు, పన్ను ఎప్పుడు కట్టాలి అన్నదగ్గరే కాళ్లు తడబడతాయి. ఇక్కడ ధరల సైటును ఉదాహరణగా తీసుకున్నాను. వర్షపాతం, జలాశయాల నీటిమట్టం, బస్సుల వేళలు, దేనితో సైటు నడిపినా ఈ నియమాలు చాలావరకు వర్తిస్తాయి.

ప్రభుత్వం ప్రకటించే ధరలను నా సైటులో పెట్టి డబ్బు సంపాదించడం తప్పు కాదా?

తప్పు కాదు. దేశంలోని మార్కెట్ యార్డుల ధరలను కేంద్ర వ్యవసాయ శాఖ 2000 నుంచి అగ్‌మార్క్‌నెట్ ద్వారా ప్రకటిస్తోంది. ప్రజాధనంతో సేకరించిన సమాచారం ప్రజలకు అందాలన్న విధానం 2012లో వచ్చింది. దాని కింద ఏర్పడ్డ డేటా.గవ్.ఇన్ పోర్టల్‌లో రోజువారీ మండీ ధరలు ఉచితంగా దొరుకుతాయి. అక్కడ నమోదు చేసుకుంటే ఏపీఐ కీ ఇస్తారు. మీ ప్రోగ్రాం నేరుగా అడిగి తెచ్చుకోవచ్చు.

అక్కడి సమాచారాన్ని వాడుకునే షరతులను 2017లో గెజిట్‌లో ప్రకటించారు. దాని పేరు గవర్నమెంట్ ఓపెన్ డేటా లైసెన్స్ ఇండియా. వ్యాపారానికి వాడుకోవచ్చని అందులో స్పష్టంగా ఉంది. బదులుగా మీరు చేయాల్సినవి కొన్నే. సమాచారం ఎక్కడిదో, ఏ లైసెన్స్ కింద తీసుకున్నారో పేజీలో రాయాలి. ప్రభుత్వం మీ సైటును ఆమోదించినట్లు కనిపించకూడదు. ప్రభుత్వ చిహ్నాలు, వ్యక్తిగత వివరాలు ఈ లైసెన్స్ పరిధిలోకి రావు. అంకెల్లో తప్పుంటే ప్రభుత్వానికి పూచీ లేదు. ఈ చివరి షరతును చాలామంది చదవకుండా దాటేస్తారు. దాని సంగతి కింద చెబుతాను.

ఏపీఐ లేని సైట్ల నుంచి ప్రోగ్రాంతో లాగేసుకోవచ్చా?

అన్ని సైట్ల నుంచీ కుదరదు. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ ప్రకారం కంప్యూటర్ వ్యవస్థ యజమాని అనుమతి లేకుండా అందులోని డేటాను దించుకున్నా, కాపీ చేసినా, వెలికితీసినా నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు. అదే పని దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. అందరికీ తెరిచి ఉన్న పేజీలోని నాలుగు అంకెలు రాసుకోవడానికీ, లాగిన్ దాటి, క్యాప్చాను మోసగించి, రాత్రంతా సర్వర్‌ను కుదిపేసి లక్ష పేజీలు లాగడానికీ చాలా తేడా ఉంది. సైటు షరతుల పేజీలో వద్దని రాసి ఉంటే ఆగండి. ఆ శాఖకు ఉత్తరం రాసి అడగండి.

ప్రభుత్వ భూరికార్డుల సైటు మీభూమిలోని రైతుల వివరాలు కలిపితే సైటుకు గిరాకీ పెరుగుతుంది కదా?

పెరుగుతుంది. అయినా వద్దు. అడంగల్, 1బీ నకళ్లు ఎవరికి కావలసినవి వారు ఒక్కొక్కటిగా చూసుకోవడానికి పెట్టినవి. వాటిని గుత్తగా దించి, ఏ ఊళ్లో ఎవరికి ఎంత పొలం ఉందో జాబితా కట్టి అమ్మడమంటే, అప్పులవాళ్లకూ స్థలాల దళారులకూ ఊరి గుట్టు అప్పజెప్పడమే. పైన చెప్పిన 43వ సెక్షన్‌తో పాటు కింద చెప్పబోయే వ్యక్తిగత డేటా చట్టం కూడా అడ్డు రావచ్చు.

నేను రాత్రింబవళ్లు కష్టపడి కూర్చిన పట్టికను ఇంకొకరు ఎత్తుకుపోతే?

ఇది అందరూ అడుగుతారు. జవాబు మాత్రం చాలామందికి రుచించదు. మన కాపీరైట్ చట్టం, 1957 కంప్యూటర్ డేటాబేస్‌లను సాహిత్య రచనల కిందే లెక్కిస్తుంది. రిజిస్ట్రేషన్ చేయకపోయినా హక్కు ఉంటుంది. కానీ ఆ హక్కు కూర్పులోని సృజనకే, లోపలి వాస్తవాలకు కాదు. ఆదోనిలో ఫలానా రోజు వేరుశనగ క్వింటా ఎంత పలికిందన్నది వాస్తవం. దానికి యజమాని లేడు.

అమెరికా సుప్రీంకోర్టు 1991లో ఫైస్ట్ కేసులో ఇదే తేల్చింది. కాన్సాస్‌లోని ఒక టెలిఫోన్ కంపెనీ డైరెక్టరీ నుంచి వేరే ప్రచురణకర్త పేర్లు, నంబర్లు తీసుకున్నాడు. అక్షరక్రమంలో పేర్చినంత మాత్రాన కాపీరైట్ రాదని, ఎంత చెమటోడ్చారన్నది కొలమానం కాదని కోర్టు చెప్పింది. మన సుప్రీంకోర్టు 2007 డిసెంబరులో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో దాదాపు అదే దారి పట్టింది. తీర్పుల అసలు పాఠం మీద ప్రచురణకర్తకు హక్కు లేదంది. తన బుద్ధితో పేరాలు విడదీసి, నంబర్లు వేసి, వివరణలు చేర్చిన మేరకే రక్షణ ఇచ్చింది. ఐరోపాలో 1996 నుంచి డేటాబేస్‌కే 15 ఏళ్ల ప్రత్యేక హక్కు ఉంది. మన దేశంలో అలాంటిది లేదు.

అందుకే పట్టికకు తాళం వేసి డబ్బు చేసుకుందామనుకుంటే కుదరదు. రోజూ తాజాగా ఉంచడం, సరిచూడటం, అర్థమయ్యేలా చెప్పడం, నమ్మకం నిలుపుకోవడం, ఇవే మీ సరుకు. మన తెలుగువాడు ఫణీంద్ర సామ మిత్రులతో కలిసి 2006లో బెంగళూరులో రెడ్‌బస్ మొదలుపెట్టారు. ఏ బస్సు ఎప్పుడు బయల్దేరుతుందో అప్పటికే ట్రావెల్స్ ఏజెంట్లందరి దగ్గరా ఉంది. ఏ సీటు ఖాళీగా ఉందో ఆ నిమిషానికి చూపించడం ఎవరి దగ్గరా లేదు. ఆపరేటర్ల దగ్గరికి వెళ్లి, ఒప్పందాలు చేసుకుని దాన్ని సాధించారు. 2013లో ఐబిబో గ్రూప్ ఆ సంస్థను కొనుక్కుంది. 2008లో మొదలైన ఇండియన్ కానూన్ మరో దారి పట్టింది. కోర్టు తీర్పులను సామాన్యులు ఉచితంగా వెతుక్కోవచ్చు. ప్రోగ్రాం ద్వారా పెద్దమొత్తంలో వాడుకునే సంస్థలు రుసుము కడతాయి. చదివేవాడికి ఉచితం, గుత్తగా వాడేవాడికి ధర. చిన్న డేటా సైటుకు ఇంతకన్నా న్యాయమైన పద్ధతి నాకు కనిపించలేదు.

మరి డబ్బు ఎవరిస్తారు? రైతు దగ్గర నెలకు కొంత వసూలు చేయొచ్చా?

చట్టపరంగా అడ్డేమీ లేదు. కానీ ఇందులో మనం నిజాయతీగా ఆలోచించాల్సింది ఒకటుంది. 2007లో మహారాష్ట్రలో రాయిటర్స్ సంస్థ రైతుల ఫోన్లకు ధరలు, వాతావరణ కబుర్లు పంపే చందా సేవ మొదలుపెట్టింది. దాని ఫలితం మీద ఆర్థికవేత్తలు ఫాఫ్‌షాంప్, మింటెన్ చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. సందేశాలు అందిన రైతులకు వచ్చిన ధరలో సగటున చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మధ్యప్రదేశ్‌లో ఓ కంపెనీ పెట్టిన ఈ-చౌపాల్ కియోస్క్‌లు వచ్చిన చోట్ల మాత్రం సోయా ధర కొంచెం పెరిగినట్లు మరో అధ్యయనం తేల్చింది. అక్కడ ధర చెప్పడమే కాదు, సరుకు కొనే కంపెనీ కూడా ఎదురుగా ఉంది.

మన దగ్గర కారణాలు వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు. విత్తనానికి, ఎరువుకు కమీషన్ ఏజెంటు దగ్గర అప్పు తెచ్చిన రైతు పంటను ఆ మండీకే తోలాలి. టమాటా గంపలో రెండు రోజులు ఆగదు. ఆటో బాడుగ పోను పక్క యార్డులో పది రూపాయలు ఎక్కువ వచ్చినా మిగిలేదేమీ ఉండదు. ధర తెలిసినా అమ్ముకునే స్వేచ్ఛ లేని మనిషి దగ్గర ధర చెప్పినందుకు డబ్బు అడగడం నాకు ఇష్టం లేదు. రైతుకు ఉచితంగానే ఉంచండి.

డబ్బు ఇచ్చేవాళ్లు వేరే ఉన్నారు. ఆదోని జిన్నింగ్ మిల్లులు, నూనె మిల్లులు, పసుపు వ్యాపారులు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, పంట రుణాలు చూసే బ్యాంకులు, పరిశోధకులు. వీళ్లకు ఇవాళ్టి ధర ఒక్కటే చాలదు. అయిదేళ్లలో ఏ వారం ఎంత సరుకు వచ్చింది, ఏ రకం ఎంత పలికింది అన్నది శుభ్రమైన ఎక్సెల్‌లో కావాలి. ఆ శుభ్రం చేయడంలోనే మీ ఆదాయం ఉంది. ఒక చిన్న సంగతి చూడండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. నంద్యాల యార్డు పాత వరుసల్లో కర్నూలు జిల్లా కింద ఉంటుంది, ఆ తర్వాత సొంత జిల్లా కింద. కడప పేరు పాత ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో కొన్నిచోట్ల, కొత్తదానితో కొన్నిచోట్ల. వీటిని కలపకుండా గ్రాఫ్ గీస్తే కర్నూలు జిల్లాలో సరుకు ఒక్కసారిగా పడిపోయినట్లు కనిపిస్తుంది. ఇలాంటివి సరిదిద్ది, ఏం సరిదిద్దారో రాసిపెట్టిన డేటాకు విలువ ఉంటుంది.

నా సైటులో ధర తప్పుపడి రైతు నష్టపోతే నన్ను కోర్టుకు లాగుతారా?

ప్రభుత్వం పూచీ లేదని లైసెన్స్‌లో రాసుకుంది. మీరూ రాసుకోవచ్చు. కానీ డబ్బు తీసుకుని సేవ ఇస్తే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవాలోపం అనే మాట వస్తుంది. సైటు అడుగున సన్నటి అక్షరాల్లో రాసిన డిస్‌క్లెయిమర్ అన్నింటికీ గొడుగు పట్టదు.

ప్రభుత్వ పట్టికలో ఒక వరుస ఎలా ఉంటుందో చూడండి: రాష్ట్రం, జిల్లా, మార్కెట్, సరుకు, రకం, తేదీ, కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ ధర. వేరుశనగకు కనిష్ఠం 3,000, గరిష్ఠం 7,000, మోడల్ 5,800 అని పడిందనుకుందాం. మోడల్ అంటే ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో అది. గరిష్ఠం ఒక్క లాటుకే వచ్చి ఉండొచ్చు. సైటుకు జనం రావాలని 7,000ను పెద్ద అక్షరాల్లో పెడితే, దాన్ని నమ్మి అప్పు చేసి లారీ మాట్లాడుకుని వచ్చిన రైతు ఏమైపోవాలి? మోడల్ ధరనే ముందు చూపండి. కింద తేదీ, సమయం వేయండి. ఇవాళ ధర రాకపోతే నిన్నటిదాన్ని ఇవాళ్టి పేరుతో చూపొద్దు, 'ఇంకా రాలేదు' అని రాయండి. క్వింటా బదులు కిలో ధర, ఒక సున్నా ఎక్కువ, ఇలాంటి పొరపాట్లు యార్డు నమోదులో వస్తూనే ఉంటాయి. ముందురోజుతో పోల్చి సగానికి సగం తేడా ఉంటే ఆ వరుసను ఆపి చూసే ఏర్పాటు చేసుకోండి. తప్పు చెప్పడానికి ఒక ఫోన్ నంబరు పేజీ పైభాగంలోనే పెట్టండి.

రైతులు వాట్సాప్‌లో తక్‌పట్టీ (అమ్మకం చీటీ) ఫోటోలు పంపితే, వాటి నుంచి ధరలు రాసుకోవచ్చా?

ఇది మంచి ఆలోచన. పైగా ప్రభుత్వ పట్టికలో లేని నిజం ఇందులో దొరుకుతుంది: కమీషన్, హమాలీ, తరుగు పోను రైతు చేతికి ఎంత వచ్చిందో. అందుకే జాగ్రత్తగా చేయాలి. తక్‌పట్టీ మీద రైతు పేరు, ఊరు, కమీషన్ ఏజెంటు పేరు, బస్తాలు, తూకం, ధర అన్నీ ఉంటాయి. అది వ్యక్తిగత డేటా.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. నియమాలను 2025 నవంబరులో నోటిఫై చేశారు. ప్రధానమైన బాధ్యతలు అప్పటినుంచి 18 నెలలకు, అంటే 2027 మే నుంచి అమల్లోకి వస్తాయి. ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లు ఇప్పుడే అలవాటు చేసుకోవడం మంచిది. ఏ వివరం ఎందుకు తీసుకుంటున్నారో ముందే చెప్పాలి, ఒప్పుకోలు తీసుకోవాలి. ఆ నోటీసును తెలుగులో కోరే హక్కు రైతుకు ఉంది. ఇచ్చిన ఒప్పుకోలును ఎంత తేలిగ్గా ఇచ్చాడో అంతే తేలిగ్గా వెనక్కి తీసుకోగలగాలి. డేటాను కాపాడే ఏర్పాట్లలో విఫలమైతే జరిమానా 250 కోట్ల వరకు ఉండొచ్చు. చిన్న సైటు మీద అంత వేస్తారని కాదు, చట్టం దీన్ని ఎంత గట్టిగా పట్టుకుందో చెప్పడానికే ఈ అంకె.

ఆచరణలో ఇలా చేయండి. ఫోటో వచ్చిన రోజే యార్డు, సరుకు, రకం, తూకం, ధర, కోతలు మాత్రం రాసుకుని ఫోటోను చెరిపేయండి. ఒకే ఊరు, ఒకే రోజు, ఒకే అమ్మకం ఉంటే ఊరి పేరు వేయొద్దు. పేరు లేకపోయినా అది ఎవరి పంటో ఊళ్లో అందరికీ తెలుస్తుంది. ఏ ఏజెంటు ఎంత కోశాడో బయటపెట్టిన రైతుకు వచ్చే ఏడాది అప్పు పుట్టకపోవచ్చు.

ధరలను ఎస్సెమ్మెస్‌లుగా పంపాలంటే?

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం గుత్తగా పంపే సందేశాలకు డీఎల్‌టీ నమోదు తప్పనిసరి. మీ సంస్థను, పంపే పేరును, సందేశం నమూనాను టెలికాం కంపెనీ పోర్టల్‌లో ముందే నమోదు చేయాలి. లేకపోతే సందేశం పోదు. ఎరువుల దుకాణం వాళ్లో, మరొకరో ఇచ్చిన నంబర్ల జాబితాకు పంపొద్దు. ఆ రైతు తన నంబరు ఇచ్చింది మీకు కాదు.

ప్రకటనలు ఏవైనా వేసుకోవచ్చా?

జనం చూసే సైటుకు ముందుగా తలుపు తట్టేవి బెట్టింగ్ యాప్‌లే. పంట డబ్బు చేతిలో ఉన్న రోజున రైతు చూసే పేజీ మీద వాటిని పెట్టడం కన్నా పెద్ద పాపం లేదు. చట్టమూ ఒప్పుకోదు. 2025 నాటి ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం డబ్బుతో ఆడే ఆటలకు ప్రకటన వేస్తే రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. ఆటోమేటిక్‌గా వచ్చే ప్రకటనలు వాడితే సెట్టింగుల్లో ఆ వర్గాన్ని మూసేయండి.

పసుపు విషయంలో ఇంకొక హెచ్చరిక. పసుపుకు ఎన్‌సీడీఈఎక్స్‌లో ఫ్యూచర్స్ వ్యాపారం ఉంది. 2015 నుంచి కమోడిటీ డెరివేటివ్‌లు సెబీ పరిధిలోకి వచ్చాయి. యార్డు ధర చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. డబ్బు తీసుకుని 'ఈ కాంట్రాక్ట్ కొనండి, ఆ రోజు అమ్మండి' అని సలహా ఇస్తే సెబీ రిజిస్ట్రేషన్ కావాలి.

పంటల సైటు కాబట్టి వచ్చేది వ్యవసాయ ఆదాయమే కదా, పన్ను ఉండదా?

ఉంటుంది. భూమి సాగు మీద వచ్చేదే వ్యవసాయ ఆదాయం. పంటల గురించి చెప్పి సంపాదించింది వ్యాపార ఆదాయం. చిన్న వ్యాపారులకు అంచనా పద్ధతి ఉంది: టర్నోవర్ 2 కోట్ల లోపుంటే, బ్యాంకు ద్వారా వచ్చిన మొత్తంలో 6 శాతం, నగదుగా వచ్చినదాంట్లో 8 శాతం లాభంగా చూపి రిటర్ను వేయొచ్చు. కమీషన్, బ్రోకరేజి ఆదాయానికి ఇది వర్తించదు. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది కాబట్టి పాత సెక్షన్ నంబర్లు పట్టుకుని తిరగొద్దు. మీ ఆదాయం ఏ కోవలోకి వస్తుందో ఒకసారి ఆడిటర్‌ను అడగండి.

జీఎస్టీ సంగతి: ఏడాదికి టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా సేవలకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, వేరే రాష్ట్రంలోని కస్టమర్‌కు అమ్మినా సరే. విదేశీ ప్రకటనల సంస్థ నుంచి వచ్చే సొమ్ము ఎగుమతి కిందికి వస్తే దానిమీద పన్ను పడదు, కానీ 20 లక్షల లెక్కలో కలుస్తుంది. చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం. దానికి డబ్బడిగే ఏజెంట్లకు ఇవ్వకండి.

ధరలతో పాటు కొనేవాళ్లనీ అమ్మేవాళ్లనీ కలిపితే?

అప్పుడు మీరు సమాచారం ఇచ్చేవారు కాదు, వ్యాపార వేదిక. నియమాలన్నీ మారిపోతాయి. జనం పెట్టే ప్రకటనలకు ఐటీ నిబంధనలు, 2021 ప్రకారం ఫిర్యాదుల అధికారి పేరు సైటులో ఉండాలి, 24 గంటల్లో ఫిర్యాదు అందినట్లు చెప్పాలి. కొనేవాడి డబ్బు మీ ఖాతా ద్వారా పోతే జీఎస్టీలో 20 లక్షల మినహాయింపు కూడా పోవచ్చు. యార్డు సరుకును మీరే మధ్యలో ఉండి కొనిపిస్తే 1966 నాటి మార్కెట్ల చట్టం కింద లైసెన్స్ మాట వస్తుంది. సైటు రెండు మూడేళ్లు నిలబడేదాకా ఇటు రావద్దని నా సలహా.

పేరు, లోగో?

మూడు సింహాల బొమ్మ, రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, ప్రభుత్వ శాఖ అనిపించే పేరు వద్దు. 2005 నాటి రాజచిహ్నం చట్టం, 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం రెండూ దీన్ని నిషేధిస్తాయి. 'కర్నూలు మార్కెట్' లాంటి ఊరిపేరుకు ట్రేడ్‌మార్క్ దొరకడం కష్టం. సొంత పేరు పెట్టుకుంటే వ్యక్తులకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము ఒక తరగతికి 4,500 రూపాయలు, రక్షణ పదేళ్లు.

పాత ధరలు ఆన్‌లైన్‌లో లేవు. యార్డు రిజిస్టర్లలో ఉన్నాయి. ఎలా?

సమాచార హక్కు చట్టం, 2005 ఉన్నది ఇందుకే. మార్కెట్ కమిటీ సమాచార అధికారికి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి. 'పాత ధరలన్నీ ఇవ్వండి' అనొద్దు. సరుకు, సంవత్సరాలు, నెలవారీనా రోజువారీనా అన్నది రాయండి. రిజిస్టర్లు స్వయంగా చూసుకుంటానని కూడా అడగొచ్చు. చట్టం ఆ హక్కు ఇచ్చింది. ధర, సరుకు రాక వరకే అడగండి, రైతుల పేర్లు అడగొద్దు.

సైటు బాగా నడిచాక ఎవరైనా కొంటామంటే ఏమేం ఇవ్వొచ్చు?

డొమైన్, ప్రోగ్రాం, డిజైన్, ట్రేడ్‌మార్క్, మీరు శుభ్రం చేసిన పట్టికలు, మీ సవరణల చిట్టా ఇవ్వొచ్చు. ప్రభుత్వ ధరల మీద హక్కు అమ్ముతున్నట్లు ఒప్పందంలో రాయకూడదు, అది మీది కాదు. ఏపీఐ కీ మీ పేరున ఉన్నది కాబట్టి కొన్నవాళ్లు సొంతంగా తీసుకోవాలి. చందా కట్టిన మిల్లులతో ఉన్న ఒప్పందాలు వాళ్ల సమ్మతితో మారాలి. రైతుల ఫోన్ నంబర్ల జాబితాకు ఎక్కువ ధర ఇస్తామనేవాళ్లే ఎక్కువ వస్తారు. ఆ నంబర్లు ధరలు పంపడానికి తీసుకున్నవి. కొత్త యజమాని పేరు, ఆయన వాటితో ఏం చేస్తాడో తెలుగులో చెబుతూ ముందుగా అందరికీ సందేశం పంపండి. సరేనన్నవాళ్ల నంబర్లు మాత్రమే అప్పగించి, మిగతావి చెరిపేసినట్లు ఒప్పందంలోనే రాయించండి.